మూడు రాళ్ల పందెం

కారు కొన్న మనిషికి తెలివి కూడా ఆ కారుతోపాటే వస్తుందని ఆ రోజుల్లో నల్లగొండలో చాలామంది నమ్మేవారు. నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకు రెండు కారణాలు ఉండేవి, రెండూ మా వీధిలోనే ఉండేవి. ఒకటి వకీలు గారి పెద్ద కారు, నల్లది. రెండోది పల్లీల మిల్లు షావుకారు చిన్న కారు, బూడిద రంగుది. వాటి కంపెనీల పేర్లు నేను రాయను. అరవైల మొదట్లో ఏ ఊళ్లో చూసినా ఎక్కువగా కనిపించేవి ఆ రెండు రకాలే. ఒకటి గుండ్రటి వీపుతో, కడుపు నిండా తిని లేచిన మనిషిలా బరువుగా కదిలేది. రెండోది బక్కగా, చురుగ్గా ఉండేది. ఆ కాలం చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వకీలు ఇంటి నుంచి కోర్టుకు నడిచిపోతే ఒక బీడీ కాల్చడం పూర్తయ్యేలోపు చేరవచ్చు. ఆయన కారులో పోయేవాడు. డ్రైవరు బండిని షెడ్డులోంచి వెనక్కి తీసి, వీధిలో తిప్పి, పిల్లల్నీ మేకల్నీ తప్పించి గేటు ముందు నిలబెట్టేసరికి కోర్టుకు రెండుసార్లు పోయి రావచ్చు. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని పానగల్ గుళ్ల దాకా పోయి వచ్చేవాడు. ఆ కారు చేసిన అతి పెద్ద ప్రయాణం అదే. షావుకారు కొంచెం నయం. తన బండి తనే నడుపుకునేవాడు, నకిరేకల్ దాకా పోయి అక్కడి పల్లీల ధర కనుక్కొని వచ్చేవాడు. దారిలో ఎవరు చెయ్యెత్తినా మాత్రం ఆపేవాడు కాదు. ఆపితే సీటు గుడ్డ మాసిపోతుందట.

నేను అప్పుడు రోడ్ల పనిలో ఓవర్సీరును. పెళ్లి కాలేదు, నోటికి అదుపు లేదు. నా ఉద్యోగమంతా నడక. ఇద్దరు మనుషులు కొలత గొలుసు పట్టుకొని ముందూ వెనకా నడుస్తుంటే నేను రాసుకుంటూ వాళ్ల పక్కన నడిచేవాణ్ణి. ఇటు నకిరేకల్ దాకా, అటు మర్రిగూడ దాకా నేను కాలితో కొలవని రోడ్డు లేదు. మర్రిగూడ దిక్కు నలభై ఏళ్లకే మనుషులు అక్కడి నీళ్లు తాగి నడుములు వంగిపోయి, కట్టె పట్టుకొని రోడ్డు దాటుతుంటే మేము గొలుసు కింద పెట్టి ఆగేవాళ్లం. అక్కడినుంచి బస్సులో నిలబడి వచ్చి, బస్టాండు హోటల్లో చాయ్ ముందు కూర్చుంటే, పక్క బెంచీ మీద ఈ ఇద్దరూ ఎవరి కారు ఎంత వేగం పోతుందో వాదించుకుంటూ ఉండేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

“నా బండి రోడ్డెక్కిందంటె తొంభై మైళ్లు కొడ్తది. బరువున్న బండికే వేగం ఎక్కువ,” అనేవాడు వకీలు.

“మీ బండి లేచి నిలబడేసరికి నేను నకిరేకల్ల చాయ్ తాగి పైసలు గూడ ఇస్త,” అనేవాడు షావుకారు.

ఇద్దరిలో ఎవరూ ఏనాడూ నలభై దాటి పోయినవాళ్లు కాదు. తొంభై అన్న అంకె వేగం చూపే ముల్లు కింద అచ్చువేసి ఉంది కాబట్టి అది తమ సొత్తే అనుకునేవాళ్లు.

ఆ రెండు కార్ల సంగతి నిజంగా తెలిసిన మనిషి హోటల్ బయట, బండికి ఆనుకొని నిలబడి సాసర్లో చాయ్ తాగేవాడు. ఆయన వకీలు గారి డ్రైవరు. యాభై దాటిన మనిషి, పాలమూరు దిక్కువాడు. వాళ్ల ఇంట్లో తాతల నుంచి అందరూ మట్టిపనికి పోయినవాళ్లే. ఎక్కడ చెరువు కట్ట పోస్తే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి పిల్లాజెల్లాతో పోయేవాళ్లు. ఈయన కూడా ఇరవై దాటేదాకా నెత్తిన తట్ట మోశాడు. తర్వాత ఒక లారీ కడిగే పనికి కుదిరి, దాని డ్రైవరును బతిమాలి నేర్చుకొని స్టీరింగ్ దాకా వచ్చాడు. వకీలు దగ్గర చేరి పదిహేనేళ్లు. పిల్లలు లేరు. మొగుడూ పెళ్లాం కారు షెడ్డు పక్కనున్న గదిలో ఉండేవారు.

“తట్ట దించి స్టీరింగ్ పట్టిన సారూ. మళ్ల తట్ట ఎత్తకుంట పోతే సాలు, ఇంకేం అడగ దేవుణ్ణి,” అన్నాడు ఒకసారి నాతో.

ఊళ్లో కార్ల చుట్టూ తిరిగేవాళ్లలో నాకు చులకన లేనిది ఆ ఒక్క మనిషి మీదే. రెండింట్లో ఏ కారు గట్టిదని ఒకరోజు ఆయన్నే అడిగాను. ఆయన సాసరు కింద పెట్టి చెప్పాడు.

“చిన్నది బిరాన లేస్తది సారూ. తేలిక బండి గద. పెద్దది జర గునుస్తది. ఒక్కపారి దౌడు అందుకున్నయంటె మాత్రం రెండూ ఒక్కతీర్గనే ఉరుకుతయి. చిన్నది ఒక ఎంట్రుక ముందల ఉంటదేమో, గంతే. గా ఎంట్రుక కోసం మా సాబూ షావుకారూ కొట్టుక సస్తున్నరు.”

ఎవరైనా ఆయన్ని అడిగి ఉంటే సంగతి అక్కడే తేలిపోయేది. కానీ డ్రైవర్ని అడగడం వాళ్లకు నామోషీ.

ఒక చలికాలం సాయంత్రం మాటలు ముదిరాయి. బెంచీ మీద నుంచి లేచి షావుకారు, “నోటితోటి ఎన్ని మైళ్లన్న పోవచ్చు సాబ్. రోడ్డు మీద తేల్చుకుందాం,” అన్నాడు. వకీలు వెనక్కి తగ్గితే పరువు పోతుంది, అప్పటికే హోటల్లో పదిమంది చెవులు నిక్కబొడుచుకొని ఉన్నారు. సరే అన్నాడు. మధ్యవర్తిగా నన్ను ఉండమన్నారు. సెకన్ల ముల్లున్న గడియారం నా చేతికి ఉంది, పైగా రోడ్లు కొలిచేవాణ్ణి. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆటంటే ఇష్టమై కాదు. ఇద్దరు పెద్దమనుషులు పట్టపగలు వెర్రివాళ్లవుతుంటే దగ్గర కూర్చొని చూడాలనిపించింది.

వకీలు బయటికి వచ్చి, డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినిపించేలా అన్నాడు. “ఏమయ్యా, ఓడినవనుకో, తాళం నా చేతుల పెట్టి పాలమూరు బస్సెక్కుడే.”

అందరూ నవ్వారు. డ్రైవరూ నవ్వాడు. నేను కూడా నవ్వాను.

షరతులు రాయడానికి వాళ్లకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆస్తి పంపకాల కాగితం కూడా వకీలు అంత జాగ్రత్తగా రాసి ఉండడు. పోటీలు రెండు. మొదటిది, నిలబడ్డ బండి ముల్లు నలభైకి చేరడానికి ఎంతసేపు పడుతుందో చూడటం. రెండోది అసలు పోటీ, బండి పూర్తి వేగంలో ఉండగా మూడు రాళ్లు దాటడానికి ఎంతసేపు పడుతుందో చూడటం. మా దిక్కు దూరమంటే రాళ్లే. పదో రాయి కాడ బస్సు దిగు అనేవాళ్లు, ఆరో రాయి కాడ బావి ఉంది అనేవాళ్లు. రాయి అంటే మైలు. పుట్టినప్పటి నుంచీ ఉన్న లెక్క అది, దాన్ని విడమర్చి కాగితం మీద పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఒక బండి యజమాని రెండో బండిలో సాక్షిగా కూర్చోవాలన్న షరతు వకీలు పెట్టాడు. న్యాయం కోసం అన్నాడు. ఆయన బరువు చూస్తే అది ఎవరి న్యాయమో తెలుస్తుంది. షావుకారు గాలికి ఎగిరే మనిషి. వకీలు పోయి చిన్న కారులో కూర్చుంటే దాని వెనక టైర్లు సగం దిగుతాయి.

ఆదివారం పొద్దున నకిరేకల్ రోడ్డు మీద ఐదో రాయి దగ్గర రెండు కార్లూ ఆగాయి. డ్రైవరు ముందురోజంతా బండి కింద పడుకొని పని చేశాడు. ప్లగ్గులు తీసి తుడిచాడు, టైర్లలో గాలి సరిచూశాడు, బరువు తగ్గాలని స్టెప్నీ టైరూ కింద పరిచే చాపలూ ఇంట్లోనే వదిలేశాడు. షావుకారు చేసిన ఏర్పాటల్లా చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు ఒక కొబ్బరికాయ. కొబ్బరి చిప్ప వకీలుకు కూడా ఇచ్చాడు. ఆయన దాన్ని తింటూనే షరతులన్నీ మరొకసారి చదివి వినిపించాడు.

మొదటి పోటీలో పెద్ద కారుకు పద్నాలుగు సెకన్లు పట్టింది. గేరు మార్చినట్టు కూడా తెలియకుండా నడిపాడు డ్రైవరు. చిన్న కారుకు పన్నెండు. గేరు కరకరమంది, బండి రెండుసార్లు ఎగిరింది, వెనక వకీలు తల పైకప్పుకు కొట్టుకుంది. అయినా పన్నెండే. రెండు సెకన్ల తేడా. రెండు సెకన్లలో వకీలు తన కళ్లద్దాలు కూడా తుడుచుకోలేడు. ఆ రెండు సెకన్ల గురించి ఇద్దరూ ఎండలో నిలబడి అరగంట పోట్లాడుకున్నారు.

“లేచుడు ఏముందయ్యా, కుక్కపిల్ల గూడ బిరాన లేస్తది. ఉరుకుడుల తెలుస్తది,” అన్నాడు వకీలు చివరికి.

రెండో పోటీకి ముందుగా పెద్ద కారు పోయింది. డ్రైవరు పక్కన గడియారంతో నేను, వెనక సాక్షిగా షావుకారు. వకీలు రెండో కారు దగ్గర నిలబడ్డాడు. డ్రైవరు కాస్త వెనక నుంచి బండిని దౌడు తీయించి ఐదో రాయిని దాటించాడు. అద్దాలు గలగలలాడాయి, చెట్లు వెనక్కి పోయాయి. ఒక ఎడ్లబండి ఎదురైతే వేగం తగ్గించకుండానే పక్కనుంచి దాటించాడు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు, చేతులు మాత్రం స్టీరింగ్ మీద గట్టిగా ఉన్నాయి. వెనక షావుకారు కళ్లు మూసుకొని దేవుళ్లందరినీ పిలుస్తూ, మధ్యమధ్యలో కళ్లు తెరిచి రాళ్లు లెక్కపెట్టాడు. ఎనిమిదో రాయి దాటేసరికి మూడు నిమిషాల ఆరు సెకన్లు. గంటకు యాభై ఎనిమిది మైళ్లు. బండి దిగిన షావుకారు తలుపు పట్టుకొనే నిలబడ్డాడు. అయినా, “గంతేనా? మీ సాబు తొంభై అనె,” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆరో రాయి దగ్గర రోడ్డు కనబడలేదు. పక్క చేనువాళ్లు ఆ కాస్సేపట్లో ఉలవ కట్టెనంతా తెచ్చి, తారు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచేశారు. లారీలూ బస్సులూ తొక్కితే గింజ రాలుతుంది, వాళ్లకు నూర్పిడి అయిపోతుంది. మా దిక్కు ఇది అందరూ చేసేదే. షావుకారు కారు దిగి, తీసేయమని అరిచాడు. చేట పట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి కదల్లేదు.

“గీ రోడ్డు మీ బాపు ఏసిండా? మాకు ఎడ్లు లెవ్వు బంతి గట్టి తొక్కిచ్చెటందుకు. బస్సు జాముకొకటి గూడ వొస్తలేదు. ఎట్లైన వొచ్చిండ్రు గద, జర రెండుపార్లు అటు ఇటు తిప్పుండ్రి, గింజ రాల్తది.”

నాకు నవ్వు ఆగలేదు. షావుకారు నోరు తెరిచి ఉండగానే డ్రైవరు బండిని వెనక్కి పోనిచ్చాడు, ముందుకు తెచ్చాడు, మళ్లీ వెనక్కి పోనిచ్చాడు. ఆమె పక్కనుంచి, “ఇటు జర, ఇటు జర,” అని దారి చూపింది. ఆ రెండు కార్లలో ఏదైనా తన జన్మలో మనుషులకు పనికొచ్చింది ఆ పావుగంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఇక చిన్న కారు పోటీ ఆ ముక్క మీద జరగడం కుదరదు. వకీలును వెంటబెట్టుకొని మళ్లీ వచ్చి, రెండు కార్లనూ ఉలవల మీద నుంచి మెల్లగా దాటించి, ఎనిమిదో రాయి అవతలికి పోయాం. “గీడ రోడ్డు ఖాళీగ ఉన్నది. రాళ్లు గూడ కొత్తగ సున్నమేసి దూరంనుంచే కనవడ్తున్నయి,” అన్నాడు షావుకారు. వకీలు సరే అన్నాడు. నేనూ సరే అన్నాను. నా మనసంతా ఇంకా ఆ చేటామె మాటల దగ్గరే ఉంది.

నేను షావుకారు పక్కన కూర్చున్నాను, వకీలు వెనక సీటంతా ఆక్రమించాడు. వకీలునూ నన్నూ తిరిగి తీసుకురావడానికి డ్రైవరు ఖాళీ పెద్ద కారుతో వెనక వస్తానన్నాడు. మొదటి తెల్లరాయి దాటగానే నేను గడియారం మీదికి కళ్లు దించాను. వెనకనుంచి వకీలు, “ఒకటి! రెండు!” అని ఒక్కొక్క రాయికీ కేక పెట్టాడు. “మూడు!” అనగానే సెకన్ల ముల్లు చూశాను. ఒక నిమిషం యాభై సెకన్లు.

“ఎంత? ఎంత?” అన్నాడు షావుకారు.

చెప్పాను. ఆయన స్టీరింగ్ వదిలేసి చప్పట్లు కొట్టాడు. వకీలు ముఖం మాడిపోయింది. మూడు మైళ్లు రెండు నిమిషాల లోపే అంటే గంటకు దగ్గరదగ్గర వంద మైళ్లు. ఆ కారు ముల్లు ఎంత పైకి పోయినా అరవై రెండు దాటలేదని వాళ్లిద్దరూ చూశారు. ఆ సంగతి వకీలే ఎత్తాడు.

“ముల్లుదేముంది సాబ్?” అన్నాడు షావుకారు. “ముల్లు కంపెనోడు పెట్టిండు. రాయి సర్కారు పాతింది. సర్కారు రాయి అబద్దం చెప్తదా?”

ముప్పై ఏళ్లు కోర్టులో బతికిన మనిషి ఆ మాటకు తల వంచాడు. సర్కారు పాతిన రాయి ముందు సొంత కళ్లు ఆయనకు సాక్ష్యంగా ఆనలేదు.

అప్పుడు నేను తల ఎత్తి ఆ మూడో రాయిని చూశాను. దాన్ని పాతించింది నేనే. దేశంలో మైళ్లు తీసేసి కిలోమీటర్లు తెస్తున్న రోజులవి. మా గుంపు నకిరేకల్ వైపు నుంచి కిలోమీటరు రాళ్లు పాతుకుంటూ ఎనిమిదో మైలు దాటిన చోటు దాకా వచ్చి ఆగింది. పాత రాళ్లను పెకిలించి గుంటల్లోకి దొర్లించాం. కొత్తవాటికి సున్నం పడింది గాని అంకెలు రాసే మనిషి ఇంకా రాలేదు. పెద్ద కారు మూడు మైళ్లు పోయింది, చిన్న కారు మూడు కిలోమీటర్లు పోయింది. సరిగ్గా లెక్కవేస్తే చిన్నది గంటకు అరవై ఒకటి పోయినట్టు. డ్రైవరు చెప్పిన ఎంట్రుకంత తేడాయే.

నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంత చదువుకున్న వకీలు, ఇంత లెక్కలొచ్చిన షావుకారు, కళ్ల ముందు దూరం సగానికి కాస్త పైన మిగిలితే ఇద్దరికీ తెలియలేదు! ఆ వెర్రితనాన్ని వెంటనే పాడుచేయాలనిపించలేదు. కొన్ని రోజులు ఊరేగనిచ్చి, హోటల్ నిండా మనుషులున్నప్పుడు బయటపెట్టాలనుకున్నాను. ఇంకొక సంగతి కూడా ఉంది. రాళ్లు పాతించినవాణ్ణి, మధ్యవర్తిని, ముందే ఎందుకు చూడలేదని వాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఈలోగా పెద్ద కారు వచ్చి మా వెనకే ఆగింది. డ్రైవరు దిగి, ముఖాలు చూసి, సంగతేమిటని అడిగాడు. షావుకారు చెప్పాడు. డ్రైవరు నమ్మలేదు.

“ఎట్లయితది సాబ్?” అన్నాడు వకీలుతో. “నేను మీ ఎనకనే ఉన్న. మొదటి రాయి కాడ ఎంత సందుండెనో, ఆఖరు రాయి కాడ గూడ గంతే ఉండె. ముల్లు అరవై మీద పోనిచ్చిన, గంతే.”

అది ఆయన నోటినుంచి వచ్చిన నిజం. ఆయన కొంప ముంచింది కూడా అదే. వకీలు ముఖంలోకి కోర్టు కళ వచ్చింది.

“అంటె నా బండి గూడ గిప్పుడు గంత వేగం వొచ్చిందన్నట్టే గద?”

“వొచ్చింది సాబ్.”

“మరి పందెంల మూడు నిమిషాలు ఎందుకు పట్టింది? గిప్పుడు ఉరికిన బండి గప్పుడెందుకు ఉరకలె?”

వకీలు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. “షావుకారు కాడ ఏం తిన్నవు? పదిహేనేండ్లు నా ఉప్పు తిని నన్నే ముంచినవు గద!”

ఆయన ఏ కేసులోనూ అంత చక్కగా వాదించి ఉండడు. రాళ్లు నిజమైతే ఆ వాదనలో తప్పు లేదు. షావుకారు, నేనేం ఇయ్యలేదని ఒకసారి అన్నాడు గాని గట్టిగా అనలేదు. గెలిచినవాడికి అంతకంటే ఎక్కువ మాట్లాడాల్సిన పనేముంది?

డ్రైవరు నా వైపు తిరిగాడు. “సారూ, మీరు చెప్పుండ్రి. గడియారం మీ చేతిలనే ఉండె. నేను ఆపి నడిపిన్నా?”

నేను అప్పుడు చెప్పవచ్చు. ఒక్క మాట, రాళ్లు కిలోమీటర్లవి అంటే చాలు. నా నోటికి వచ్చింది మాత్రం ఇది. “గడియారంలో ఉన్నది చెప్పాను. అంతకుమించి నాకేం తెలుసు?”

వకీలు కోపం రేపటికి దిగుతుంది, బండి నడపడం రానివాడు డ్రైవర్ని ఎక్కడికి పంపుతాడు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను. అంత తిట్టిన వకీలే ఇంటికి చేరడానికి మళ్లీ ఆ మనిషి నడిపే బండిలోనే కూర్చున్నాడు. నేనూ అందులోనే వచ్చాను. ఉలవలు ఉన్నచోట డ్రైవరు వేగం తగ్గించి, గింజలు చెదరకుండా అంచునుంచి తీసుకొచ్చాడు. ఇంటి దగ్గర బండిని షెడ్డులో పెట్టాక వకీలు చెయ్యి చాచాడు, ఆయన తాళం ఇచ్చాడు. ఆ మధ్యాహ్నమే మొగుడూ పెళ్లాం ఒక రేకు పెట్టె, రెండు మూటలతో బస్టాండుకు పోతుంటే మా వీధి వీధంతా చూసింది.

వకీలు కోపం దిగలేదు. ఇంకొక డ్రైవరు దొరకలేదు, దొరికినవాడు కుదరలేదు. కారు షెడ్డులోనే ఉండిపోయింది, దాని కింద కోళ్లు గుడ్లు పెట్టాయి. ఆయన కోర్టుకు నడిచిపోతూ, నడక ఒంటికి మంచిదని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. షావుకారు మాత్రం వంద మైళ్ల కారు యజమానిగా నకిరేకల్ దాకా పేరు తెచ్చుకున్నాడు. హోటల్లో బయటపెడదామనుకున్న సంగతి నేను అక్కడ బయటపెట్టలేదు. మా పనివాళ్ల దగ్గర, స్నేహితుల దగ్గర మాత్రం చాలాసార్లు చెప్పాను. కడుపు పట్టుకొని నవ్వేవారు. చెప్పినప్పుడల్లా డ్రైవరు సంగతి వదిలేసేవాణ్ణి. అది ఉంటే నవ్వు రాదు.

మరుసటి ఎండాకాలం నన్ను పాలమూరు దిక్కు పంపారు. అక్కడా అదే పని. రోడ్డు వెడల్పు చేయడం, పాత రాళ్లు తీసి కొత్తవి పాతడం. మొదటిరోజు పొద్దున కూలీల వరుస చూస్తుంటే ఒక మనిషి నాకు దండం పెట్టాడు. డ్రైవరుగా ఉన్ననాటి ఖాకీ చొక్కా చూసి గుర్తుపట్టాను. దాని చేతులు చిరిగిపోయి ఉన్నాయి. నెత్తిన గుడ్డ చుట్ట, దాని మీద మట్టి తట్ట. వెనకే ఆయన భార్య, ఆమె నెత్తిన ఇంకొకటి. యాభై దాటాక మళ్లీ మొదలుపెట్టిన మనిషికి మెడ నిలబడటం లేదు. నాలుగు అడుగులకొకసారి ఆగుతున్నాడు. మేస్త్రీ అరుస్తున్నాడు. నేను మేస్త్రీని అరవొద్దన్నాను. నా చేత అయింది అంతే.

మూడోరోజు అన్నాల వేళ ఆయన నా దగ్గరికి వచ్చి, కొంచెం దూరంగా కూర్చున్నాడు. అప్పుడే పాతిన రెండు రాళ్ల వైపు చూస్తూ అన్నాడు.

“గీ కొత్త రాళ్లు జర దగ్గరదగ్గర పడ్తున్నయి గద సారూ.”

“అవును. ఇవి కిలోమీటరు రాళ్లు. మైలు కంటే తక్కువ.”

“నకిరేకల్ తొవ్వల గూడ గివేనా? గా సున్నమేసినయి?”

“అవి కూడా ఇవే.”

ఆయన వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. తర్వాత నా ముఖంలోకి చూసి మెల్లగా అడిగాడు. “గా ఐతారం నాడు మీకు ఎరుకనా సారూ?”

“లేదు,” అన్నాను. “తర్వాత తెలిసింది.”

ఆయన ముఖం తేలికపడింది. నిజంగా తేలికపడింది. “నేను గదే చెప్పిన మా ఇంటిదానికి. సారుకు ఎరుకుంటె నోరు మూసుకుంటడా, మస్తు మంచోడు అని. అది ఇంటలేదు. గిప్పుడు పొయ్యి చెప్త,” అంటూ లేచాడు.

ఆయన పోయి, తుమ్మ నీడన కూర్చున్న భార్యకు చెప్పడం నేను చూశాను. ఆమె తింటున్నది ఆపి, తలెత్తి నన్ను చూసింది. వకీలునూ షావుకారునూ నేను చూసిన చూపు అది. నేనే తల తిప్పుకున్నాను. ఆ పని ఇంకా రెండు నెలలు నడిచింది. ఆయన రోజూ పొద్దున నాకు దండం పెట్టేవాడు. ఆమె ఒక్కరోజు కూడా పెట్టలేదు.